పై అంతస్తుకు పంపిన డబ్బా

మా హెడ్ సిస్టర్ చనిపోయిందన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. కోవిడ్ రోజుల్లో డ్యూటీలు వేసుకోవడానికి పెట్టుకున్న గ్రూపు అది. ఇప్పుడు అందులో పొద్దున్నే పూలబొమ్మలు పెట్టేవాళ్ళు ఇద్దరు, వాటికి దండాలు పెట్టేవాళ్ళు నలుగురు తప్ప ఎవరూ మాట్లాడరు. ఆ రోజు ఫోన్ మోగినా ఏదో పూలబొమ్మే అనుకుని చూడలేదు. టీకాల గదిలో పసిబిడ్డలకు సూదులు వేసి, పదకొండు గంటలకు టీ గ్లాసు పట్టుకుని కూచున్నాక చూశాను. ఆమె భర్త ఆమె ఫోన్ నుంచే పెట్టాడు. మీ సిస్టర్ పొద్దున పోయింది, అందరికీ చెప్పండి అని. ఆమె పేరు మీద, ఆమె ఫొటో పక్కన ఆ మాట. ముందు ఆమే ఏదో పొరపాటున పంపింది అనుకున్నాను. టీ అలాగే చల్లారిపోయింది.

పొద్దున లేచి కాఫీ తాగి వసారాలో కుర్చీలో కూచుందట. అంతే. గుండె అన్నారు. రిటైరై రెండేళ్ళు కూడా నిండలేదు.

ఆమె పేరు రాయను. శాలువా కప్పుతామంటే ఆ పూట సెలవు పెట్టేసే మనిషి, తన పేరు అచ్చులో చూస్తే నన్ను తిట్టిపోసేది. వార్డులో అందరం పెద్ద సిస్టర్ అనేవాళ్ళం. ఎదురుగా మాత్రం అక్కా అనాలి. నేను కణేకల్ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మొదటి రోజున మేడం అని పిలిస్తే, "మేడమూ వద్దు, గీడమూ వద్దు. మీ ఇంట్లో అక్క లేదా నీకు?" అంది. లేదన్నాను. "అయితే ఇంగ ఉండాది, పో, ఆ బెడ్డుకు దుప్పటి మార్చు" అంది. ఆమె ఆప్యాయత ఎప్పుడూ అలా ఏదో ఒక పని అంటగట్టే వచ్చేది.

గుత్తి కోట కింద మెట్టసేద్యం ఇల్లు ఆమెది. వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. అలాంటి ఇంట్లోంచి ఆ కాలంలో నర్సు చదువుకు వచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మూడో వార్డులో మందలిస్తే ఒకటో వార్డులో వాళ్ళు సర్దుకుని కూచునేవాళ్ళు. డాక్టర్లను కూడా "ఏమప్పా" అనేది. కొత్తగా వచ్చిన డాక్టర్లు మొదట ఉలిక్కిపడి, నెల తిరిగేలోగా ఆమె చేతి బొరుగుల ఉగ్గాని కోసం డ్యూటీ రూము చుట్టూ తిరిగేవాళ్ళు.

మాకు దేవతలని పేరు పెట్టి, చప్పట్లు కొట్టి, పూలు చల్లిన రోజులు గుర్తున్నాయా? మా వీధిలో నా మీద పూలు చల్లిన ఇంటివాళ్ళే, మర్నాడు తమ ఇంటి కొళాయి ముట్టొద్దన్నారు. నేను ఉడుక్కుంటూ ఆమెతో చెప్పాను. ఆమె నవ్వలేదు. "దేవుళ్ళంటే మనకు ఆకలీ నిద్రా ఉండవని చెప్పేదే గదమ్మీ" అంది. నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గానీ, మా పరిస్థితిని అంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్ళను చూడలేదు.

రెండో వేవ్ మాకు నడి ఎండాకాలంలో వచ్చింది. మా అనంతపురం ఎండలు తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ప్లాస్టిక్ బట్టలు వేసుకుని ఆరు గంటలు వార్డులో తిరిగి బయటికొస్తే బూట్లలోంచి చెమట ఒంపుకునేవాళ్ళం. చావులకు లెక్క పెట్టడం మానేశాం. ఒక బెడ్డు మీద దుప్పటి మార్చేలోగా ఇంకొకరు ఎదురుగా నిలబడి ఉండేవారు. డ్యూటీ అయ్యాక ఎవరి మొహం ఎవరం చూసుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళం.

అప్పుడు మొదలుపెట్టింది పెద్ద సిస్టర్ తన వేరుశనగకాయల పని. ఒక గోనెసంచి నిండా కాయలు తెచ్చి సైకిల్ షెడ్డులో పెట్టింది. డ్యూటీ దిగి స్నానం చేసిన ప్రతి నర్సూ పావుగంట కూచుని కాయలు ఒలిచి పోవాలి. విత్తనాలకు కావాలంది. మాకు ఒళ్ళు మండింది. చచ్చీ చెడీ బయటికొస్తే ఈమె చేను పని ఏమిటని గొణుక్కున్నాం. నేనైతే కూలి ఎంత ఇస్తావక్కా అని అడిగేశాను. ఆమె పట్టించుకోలేదు. దూరం దూరంగా కూచుని ఒలవడం మొదలుపెట్టాం. రెండో రోజో మూడో రోజో, మాలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఒకతె కాయ పగలగొడుతూ, ఆ పొద్దు తన చేతుల్లో పోయిన పిల్లవాడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ ఓదార్చలేదు. కాయలు ఒలుస్తూ విన్నాం. తర్వాత ఇంకొకరు చెప్పారు. కోవిడ్ తగ్గాక తెలిసింది నాకు, అన్ని రోజులు ముందుగా ఒలిచిన గింజ విత్తనానికి పనికిరాదని. సేద్యం ఇంట్లో పుట్టిన ఆమెకు ఆ సంగతి తెలియదా? అడిగితే, "చేతికి పని ఉంటే నోరు దానంతట అదే తెరుచుకుంటాది. గింజలదేముండాది, ఏంచి ఊరిబిండి పచ్చడి నూరుకుంటిమి" అంది.

నన్ను నిలబెట్టింది కూడా ఆమే. నా కూతురిని అమ్మ దగ్గర వదిలి నాలుగు వారాలైంది. ఇంట్లో కుక్కర్ కూత వేస్తే బెడ్డు పక్క మానిటర్ మోగినట్టు లేచి పరుగెత్తేదాన్ని. చేతులు కడిగిందే కడిగి తోలు ఊడింది. ఒక పొద్దున వార్డు తలుపు దాకా వచ్చి లోపలికి అడుగు వేయలేకపోయాను. రాజీనామా కాగితం రాసి ఆమె చేతికిచ్చాను. ఆమె చదివి, మడిచి, జేబులో పెట్టుకుంది. మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని మనసు డాక్టరు గదికి తీసుకుపోయింది. నేను వెనక్కి లాగాను, ఎవరైనా చూస్తే పిచ్చిదంటారని. "జరమొస్తే సిగ్గుపడతావా? దీనికేంటికమ్మీ సిగ్గు?" అంది. లోపల నేను మాట్లాడినంతసేపూ బయట బల్ల మీద కూచుంది. ఆరు నెలలు మాత్రలు వాడాను. ఈ రోజు నేను పసిబిడ్డకు చెయ్యి వణక్కుండా సూది వేస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఆ రాజీనామా కాగితం ఏమైందో నాకు తెలియదు.

ఇంతవరకు చెప్పింది ఆమె మాకు చేసిన మేలు. ఆమెకు జరిగింది ఇప్పుడు చెప్పాలి. దీనికోసమే ఈ నాలుగు మాటలు రాయడానికి కూచున్నాను.

ఆ మే నెలలో ధర్మవరం నుంచి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. పట్టుచీరలు నేసే ఇల్లు. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఆమెకు కింద ఆడవార్డులో, ఆయనకు పై అంతస్తులో మగవార్డులో బెడ్లు దొరికాయి. వాళ్ళ కొడుకు రోజూ మధ్యాహ్నం గేటు దగ్గర క్యారియర్ ఇచ్చిపోయేవాడు. అందులో రెండు స్టీలు డబ్బాలు. క్యారియర్ ముందు ఆమె దగ్గరికే రావాలి. ఆమె మాస్కు పక్కకు జరుపుకుని ఆయన డబ్బా మూత తీసి చూసి, తన డబ్బాలోని ఊరిబిండి కూడా అందులో వేసి పైకి పంపేది. తిరిగొచ్చిన డబ్బా కూడా ముందు ఆమే చూడాలి. ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్ళలో ముంచి బయటికి పంపాలి. వార్డులో ఇలాంటివి కుదరవని మేము చెప్పి చూశాం. పెద్ద సిస్టర్ మాత్రం, "ఆయమ్మకు ఊపిరి ఆడేది ఆ డబ్బాతోనే, ఉండనీండి" అంది. డబ్బా పైకి తీసుకుపోయే పని తనే పెట్టుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆయన పోయాడు.

కొడుకు గేటు బయట నిలబడి చేతులు జోడించాడు. అమ్మకు అసలే షుగరు, ఏడిస్తే ఆక్సిజన్ పడిపోతోంది, బయటికొచ్చేదాకా చెప్పొద్దని బతిమాలాడు. డాక్టరు కూడా అదే మంచిదన్నాడు. రెండు డబ్బాలూ ఎప్పటిలాగే పంపుతానన్నాడు కొడుకు. పెద్ద సిస్టర్ చివరికి సరేనంది. ఆ పూటే డబ్బా వచ్చింది. ధర్మవరం ఆమె మూత తీసి, ఊరిబిండి వేసి, పైకి పంపింది.

డబ్బా తీసుకుని పెద్ద సిస్టర్ డ్యూటీ రూముకు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. వార్డు చెత్త వేసే పసుపు సంచిలో పారేయడానికి మూత తీసింది. పారేయలేకపోయింది. అది ఆ మనిషి అన్నం. అప్పటికి రెండు పూటలుగా అక్క ఏమీ తినలేదని నాకు తెలుసు. చేతులు కడుక్కొచ్చి, స్టూలు మీద కూచుని, గోడ వైపు తిరిగి ఆ అన్నం తినింది. వార్డులోంచి వచ్చిన డబ్బా అది, మతి ఉందా అక్కా అని అరిచాను. "దీంతో జబ్బొచ్చేదైతే ఎప్పుడో వచ్చిండేది" అంది. ఖాళీ డబ్బా తీసుకుపోయి ధర్మవరం ఆమెకు చూపించింది. ఆయన తిన్నాడు, ఉప్పు కొంచెం తక్కువైందన్నాడు అని చెప్పింది. ఆయనకెప్పుడూ ఉప్పు తక్కువే అని ఆమె మాస్కులోంచి అంది.

అలా తొమ్మిది రోజులు. రోజూ డబ్బా వచ్చేది, రోజూ పెద్ద సిస్టర్ స్టూలు మీద కూచుని తినేది. రోజూ ఆయన చెప్పినట్టుగా ఒక మాట కల్పించి కిందికి మోసుకుపోయేది. మగ్గం మీద సగం చీర ఉండిపోయిందని బెంగపడుతున్నాడనీ, త్వరగా లేవమన్నాడనీ చెప్పేది. ధర్మవరం ఆమె వినేది. పొద్దున్నే మొహం తుడిచాక ఆమెకు బొట్టు పెట్టే అలవాటు కూడా పెద్ద సిస్టర్‌దే. చాలామంది ఆడవాళ్ళు బొట్టు లేకుండా పడుకోవడానికి ఒప్పుకునేవాళ్ళు కాదు, అందుకని కుంకుమ పొట్లం ఒకటి టేబుల్ సొరుగులో ఉంచేది. ఆ తొమ్మిది రోజులూ ఆయన పోయిన సంగతి తెలిసి తెలిసి ఆ నుదుట బొట్టు పెట్టింది. బయటికొచ్చి సింకు దగ్గర వేలు కడుక్కుంటూ నిలబడిపోయేది. నేను పిలిస్తే ఉలిక్కిపడేది.

ధర్మవరం ఆమె బతికింది. డిశ్చార్జి రోజున ఆమె వెంట గేటు దాకా నేనే పోయాను. పెద్ద సిస్టర్ రాలేదు. పై కిటికీ దగ్గర నిలబడింది. గేటు బయట కొడుకు తల్లి చేతులు పట్టుకుని చెప్పాడు. ఆమె కేక పెట్టలేదు. అక్కడే నేల మీద కూచుంది. కొంచెంసేపటికి తల ఎత్తి, మా ఆసుపత్రి కిటికీలన్నీ ఒక్కొక్కటే వెతుకుతున్నట్టు చూసింది. నేను పైకి వచ్చేసరికి పెద్ద సిస్టర్ కిటికీ కింద గోడకు ఆనుకుని, ఎవరికీ కనబడకుండా వంగి కూచుని ఉంది. ఆ చూపును ఆమె శాపం అనుకుంది. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె మధ్యాహ్నం భోజనం మానేసింది. మజ్జిగ తాగేది, లేకపోతే అదీ లేదు. గొంతు తగ్గింది. మూడో వార్డులో మందలిస్తే మూడో వార్డుకే సరిగ్గా వినబడేది కాదు. కొన్ని నెలలకు ఆసుపత్రి సిబ్బంది మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికని ఒక ఫారం ఇచ్చారు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడిగే కాగితం. మా అందరి చేతా దగ్గరుండి నిజాలు రాయించింది. తనది మాత్రం అన్నింటికీ బాగుంది అని టిక్కు పెట్టి ఇచ్చేసింది. నాకు కోపం వచ్చింది. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయినదానివి, నువ్వెందుకు పోవు ఆ డాక్టరు దగ్గరికి అని నిలదీశాను.

"నీది జబ్బు, పోయినావు, తగ్గింది" అంది ఆమె. "నాది జబ్బు కాదమ్మీ. తప్పు. మొగుని ముఖం ఆకరిసారి చూసుకునేది కూడా లేకుండా చేస్తి ఆయమ్మను. ఆయప్ప అన్నం నేను తింటి. తప్పుకు మాత్రలేంటికి?"

ఇప్పుడైతే జవాబు తోస్తోంది. తప్పు చేశానని లోపల తొలిచేది కూడా మందు వేయాల్సిన గాయమేననీ, చేసింది తప్పే అయినా ఒక్కతే మోయక్కర్లేదనీ చెప్పేదాన్ని. ఆ రోజు ఆమె ముందు నేను చిన్నదాన్ని.

ధర్మవరం ఆమె మూడుసార్లు ఆసుపత్రికి వచ్చింది. మొదటిసారి ఆమె గేటు దాటి రావడం చూసి పెద్ద సిస్టర్ దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పోతూ పోతూ నా చేతిని గట్టిగా పట్టుకుని, లీవులో ఉన్నానని చెప్పమంది. ఆ కళ్ళలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు. నేను చెప్పాను. ధర్మవరం ఆమె కాసేపు బల్ల మీద కూచుని వెళ్ళిపోయింది. రెండోసారి, మూడోసారి కూడా అంతే. ఆమె తిట్టడానికే వచ్చిందని గట్టిగా నమ్మాను. మా అక్కను కాపాడుకుంటున్నానని మనసులో గర్వంగా కూడా ఉండింది.

రిటైరయ్యాక ఆమె గుత్తికి వెళ్ళిపోయింది. నేను చూడ్డానికి పోయినప్పుడు ఆమె భర్త, మేము బావా అనే ఆయన, వంటింటి వైపు చూసుకుంటూ గొంతు తగ్గించి చెప్పాడు. మధ్యాహ్నం తనకు వడ్డించి ఎదురుగా కూచుంటుందట, తను మాత్రం ముద్ద ముట్టదట. రాత్రుళ్ళు నిద్ర లేదట. ఇక నేను ఆగలేకపోయాను. ధర్మవరం పోదాం అక్కా, ఆమె తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ, అయిపోతుంది అన్నాను. రెండు నెలలు నానబెట్టి ఒప్పుకుంది. గుత్తిలో ఆమె రైలెక్కాలి, అనంతపురంలో నేను ఎక్కాలి, అక్కడినుంచి ధర్మవరం ఎంతో దూరం లేదు. అనుకున్న రోజున రైలొచ్చింది. ఆమె కిటికీ పక్కన కూచుని ఉంది, మంచి చీర కట్టుకుంది, ఒళ్ళో పండ్ల సంచి. నేను ఎక్కాను. ఆమె లేచి, నన్ను దాటుకుని కిందికి దిగేసింది. నేనూ దిగాను. రైలు పోయింది. ప్లాట్‌ఫాం బల్ల మీద కూచుని, "నా చేత కాదమ్మీ" అంది. ఆ పండ్లు మా పాపకిమ్మని నా చేతిలో పెట్టింది. గుత్తికి పోయే తర్వాతి బండి వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూచున్నాం. ఆమెను చూడడం అదే ఆఖరు.

చావు కబురు విన్న సాయంత్రం నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ధర్మవరం కొడుకు నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. చేశాను. మీ అమ్మకు చెప్పు, ఆ సిస్టరు లేదు ఇంక అన్నాను. దినాలు ఎప్పుడని అడిగాడు. చెప్పి పెట్టేశాను.

దినాల రోజున గుత్తిలో షామియానా కింద నేను మంచినీళ్ళు పోస్తున్నాను. ధర్మవరం ఆమె ఒక్కతే వచ్చింది. బస్సులో వచ్చిందట. పెద్ద సిస్టర్ ఫొటో ముందు నిలబడింది. మాస్కు లేని మొహం ఆమె అప్పుడే మొదటిసారి చూడడం. చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది. పోయిన మనిషిని తిడితే మాత్రం ఊరుకోకూడదనుకున్నాను. ఆమె ఏదీ అనకముందే, అక్క ఆ తొమ్మిది రోజులకు ఎంత కుమిలిపోయిందో గబగబా చెప్పేశాను. మీ ఆయన అన్నం తిన్నందుకు తర్వాత తన అన్నం తినలేకపోయిందని కూడా చెప్పాను.

"నాకు తెల్సునమ్మా" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు.

"ఆయన పోయిన పొద్దే తెలిసె నాకు. డబ్బా ఊడ్చినట్ల తిరిగొచ్చె. ముప్పై ఏండ్లు పెడ్తి ఆయనకు అన్నం. ఆకరి ముద్ద నాకని వదిలేది ఆయన. తిని తిని ఆడికి నిలిపేస్తాడు. ఆసుపత్రిలో గూడా మూడు దినాలూ ముద్ద మిగిలిచ్చే పంపె, నేను తింటి. నాలుగోనాడు మెతుకు లేదు. అప్పుడే అనుకుంటి, ఆయన లేడని. మొగం గోడకు తిప్పుకోని ఏడిస్తి. మాస్కులో ఎవరికి కనబడ్తాది?"

పెద్ద సిస్టర్ తిన్న విస్తరి నాకు కళ్ళ ముందు కనబడింది. కరువులో పెరిగిన మనిషి, ఆమె తిన్న విస్తరిలో మెతుకు వెతకాలన్నా దొరికేది కాదు. అబద్ధం చెప్పడానికి ఎన్నో మాటలు కల్పించిన మనిషికి, డబ్బాలో ఒక్క ముద్ద వదలాలని మాత్రం తోచలేదు. తోచినా వదలలేకపోయేదేమో.

మరి తెలిసీ రోజూ ఎందుకు పంపారమ్మా అని అడిగాను.

"ఆ సిస్టరమ్మ కండ్లు చూస్తి. కండ్లే గదా మాకు కనబడేది. గుంతలు పడిండె. ఈయమ్మే తింటాండాదని తెలిసె. తిననీ అనుకుంటి. ఇంతమందిని చూసే మనిషికి ఎవురు పెడతారు అన్నం?" ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బొట్టు పెట్టేటప్పుడు ఆయమ్మ చెయ్యి వణుకుతాండె. వద్దంటే నాకు తెలిసిపోయిందని తెలిసిపోతాది. ఊరకుంటి. ఆయన ఇట్లన్నాడు అట్లన్నాడని చెప్తాంటే, అబద్దమని తెలిసినా ఇంకో మాట చెప్తే బాగుండు అనిపిస్తాండె."

ఈ ఒక్క మాట అక్కకు తెలిసి ఉంటే మళ్ళీ అన్నం తినేది. నిద్రపోయేది. ఇప్పుడా చెప్పడం, అప్పుడే ఈ మాట చెప్పి ఉండకూడదా అమ్మా అన్నాను. నా గొంతులో నిష్ఠూరం నాకే వినబడింది.

"చెప్పేకే వస్తి గదమ్మా, మూడు తూర్లు" అంది. "లీవులో ఉండాదంటివి గదా నువ్వు."

అందులో నింద లేదు. ఆమెకు అసలు సంగతి తెలియదు. ఆమె మా అక్క లీవులోనే ఉందని ఈనాటికీ నమ్ముతోంది. దుప్పట్ల గది తలుపు వెనక ఒక మనిషి ఊపిరి బిగబట్టి నిలబడి ఉందనీ, ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది నేనేననీ చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

పంక్తి లేచిపోతోంది. బావ వచ్చి ఆమెను భోజనానికి కూచోమన్నాడు. దినాల ఇంట్లో తినడానికి కొందరు వెనకాడతారు, ఆమె వెనకాడలేదు. "ఈ ఇంట్లో తినే పోవల్ల నేను" అంది. చివరి వరసలో కూచుంది. నేను ఆకు వేసి, నీళ్ళు చల్లి, అన్నం పెట్టాను. ఆమె తల వంచుకుని నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది. చుట్టూ అందరూ లేచి చేతులు కడుక్కున్నారు, షామియానా వాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. ఆమె తింటూనే ఉంది. నేను పక్కన నిలబడి వడ్డిస్తూనే ఉన్నాను. ఆమె చాలు అనలేదు, నేనూ అడగలేదు.